మంచె మీది గొంతు

చిన్న మంగళారం ఊళ్ళో సంగమ్మ కేక విననివాళ్ళు లేరు. ఆమె మాట విన్నవాళ్ళు మాత్రం తక్కువ.

జొన్న కంకుల్లో పాలు పడే రోజుల్లో పొద్దు పొడవక ముందే ఆమె చేనులో మంచె ఎక్కేది. ఎక్కి, కొంగు నడుముకు బిగించి, "హో... ఓ... ఓయ్" అని ఒక్క కేక వేసిందంటే, తన చేను మీది చిలుకలే కాదు, పక్కనే కొత్తగా వెలసిన ఫామ్‌హౌస్ చెట్ల మీదివి కూడా లేచిపోయేవి. ఆ ఫామ్‌హౌస్ ఆసామి ఒకసారి వాచ్‌మన్‌ను పంపి, ఆదివారాలు జర ఆలస్యంగా అరవమని అడిగించాడు. చిలుకలకు ఆదివారం సెలవు లేదని జవాబు పోయింది. ఆ జవాబు చెప్పింది సంగమ్మ కాదు, ఆమె భర్త ఈశ్వరయ్య.

ఇంట్లో మాటల పనంతా ఈశ్వరయ్యదే. మంచె దిగితే సంగమ్మ గొంతు కూడా ఆమెతో పాటు దిగిపోయేది. దుకాణంలో ఉప్పు కావాలన్నా ఆయనే అడగాలి, బస్సులో ఎక్కడ దిగాలో ఆయనే చెప్పాలి. మొన్నటి చలికాలం ఆమెకు మోకాలు పట్టుకుంటే ఇద్దరూ మొయినాబాద్‌లో డాక్టరు దగ్గరకు పోయారు. "ఎక్కడ నొప్పమ్మా?" అని డాక్టరు సంగమ్మనే అడిగాడు. ఆమె ఎదురుగా స్టూలు మీద కూర్చున్న ఈశ్వరయ్య వెంటనే తన ఎడమ మోకాలు తట్టి చూపించాడు. ఎదురుగా కూర్చున్నాడు కాబట్టి ఆమె కుడికాలు ఆయనకు ఎడమ పక్కన కనబడుతున్నది మరి. సంగమ్మ నోరు తెరిచేలోగా డాక్టరు మందు చీటీ రాసేశాడు.

ఆ చలికాలమంతా ఈశ్వరయ్య ఎంతో ప్రేమగా భార్య ఎడమ మోకాలికి మందు రుద్దాడు. కుడిది నొస్తూనే ఉన్నది. "ఎట్లున్నదే ఇప్పుడు?" అని ఆయన అడిగితే, "మంచిగున్నది" అనేది. అబద్ధమేమీ కాదు, ఎడమ మోకాలు నిజంగా మంచిగానే ఉన్నది.

అటువంటి సంగమ్మను పక్కింటి రుక్మిణమ్మ చేవెళ్లకు తోడు రమ్మని పిలిచింది. రుక్మిణమ్మకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండో కంటికి పొర కమ్మితే, చేవెళ్లలో ఒక కంటి దవాఖానలో ఆపరేషన్ చేయించుకుంటున్నది. ఆమె కొడుక్కు డ్యూటీలో సెలవు దొరకలేదు.

"నేనొస్త పా అవ్వా" అన్నాడు ఈశ్వరయ్య.

"నువ్వొద్దు నాయనా. నువ్వొస్తే డాక్టరును కూడ మాట్లాడనియ్యవు. సంగమ్మయితే సప్పుడు చెయ్యకుంట కూసుంటది" అన్నది రుక్మిణమ్మ.

ఈశ్వరయ్య ఆ పూటంతా మూతి ముడుచుకున్నాడు.

ఆపరేషన్ బాగానే అయింది. రాత్రికి దవాఖానలోనే ఉంచుకుని, తెల్లారి నల్లద్దాలు పెట్టి పంపించారు. పంపేటప్పుడు నర్సమ్మ సంగమ్మకు మరీ మరీ చెప్పింది. అవ్వ వంగొద్దు, కన్ను నలుపుకోవద్దు, కొన్నాళ్ళు కుదుపులు తగలొద్దు, ఉన్నది ఒక్కటే కన్ను కదా. సంగమ్మ అన్నిటికీ తల ఊపింది.

బస్సులు కిక్కిరిసి ఉన్నాయి. నెట్టుకుంటారేమోనని ఇద్దరూ మొయినాబాద్ పోయే షేర్ ఆటో ఎక్కారు. నడిమి సీట్లో పక్కపక్కన ఒదిగి కూర్చున్నారు. వెనక సీట్లో వాళ్ళ ఊరి అంజిలయ్య కనబడ్డాడు, చేవెళ్ల మార్కెట్లో టమాట అమ్ముకుని ఖాళీ డబ్బాలతో వస్తున్నాడు. ఆయన పక్కన లాప్‌టాప్ సంచి ఒళ్ళో పెట్టుకున్న ఒక అమ్మాయి, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన.

డ్రైవర్ పేరు జ్ఞానేశ్వర్. చేవెళ్ల దాటగానే ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించాడు. అవతల బామ్మర్ది. ఇంట్లో పెండ్లికి బరాత్ ఊరేగింపులో డీజే ఎంతసేపు పెట్టాలన్నది సంగతి. సంగతి ముదిరేకొద్దీ ఆటో ఉరుకుతున్నది, ఒక చెయ్యి హ్యాండిల్ వదిలి గాలిలో లెక్చర్ ఇస్తున్నది. రోడ్డు వెడల్పు పనులు నడుస్తున్నాయేమో, అక్కడక్కడ తారు పోయి కంకర లేచి ఉన్నది. కంకర మీదికి ఎక్కిన ప్రతిసారీ రుక్మిణమ్మ నల్లద్దాలను రెండు చేతులతో పట్టుకుంటున్నది.

"సంగీ, కన్ను సురుక్కుమంటున్నదే" అన్నది మెల్లగా.

వెనక సీట్లో గుసగుసలు మొదలయ్యాయి. "మీరు చెప్పండి అంకుల్" అన్నది అమ్మాయి. "మనకెందుకమ్మా, మధ్యల దించేస్తే ఇంకో ఆటో దొరుకతదా?" అన్నాడు ఇస్త్రీ చొక్కా ఆయన. అంజిలయ్య తన డబ్బాల వంక దీక్షగా చూసుకుంటున్నాడు.

సంగమ్మ అలవాటు కొద్దీ పక్కకు తిరిగింది, ఈశ్వరయ్య ఉన్నాడేమోనని. అక్కడ ఈశ్వరయ్య లేడు, ఆటో కమ్మీ ఉన్నది. "బిడ్డా... జర..." అన్నది. ఆ మాట ఇంజను మోతలో కలిసిపోయింది. ఇంకోసారి అన్నది. ఈసారి గాలికి పోయింది. ముందర రోడ్డు తవ్వి, పక్కకు మళ్ళించిన చోట పెద్ద గుంత కనబడుతున్నది. జ్ఞానేశ్వర్ చూపు గుంత మీద లేదు, డీజే మీద ఉన్నది. రుక్మిణమ్మ జరిగి సంగమ్మ భుజానికి తల ఆనించింది.

"హో... ఓ... ఓయ్!"

ఆటో ఉన్నచోటనే ఆగిపోయింది. పక్క మడిలోని కొంగలు గుంపుగా లేచాయి. రోడ్డు పని చేస్తున్న జేసీబీ ఆగింది, అందులోని మనిషి తల బయటపెట్టి చూశాడు. ఫోను జ్ఞానేశ్వర్ ఒళ్ళో పడి, "బావా, ఏమైంది బావా, టైర్ పేలిందా?" అని ఒక్కటే అడుగుతున్నది.

అందరూ సంగమ్మనే చూస్తున్నారు. కేక వేయడం ఆమెకు కొత్త కాదు. చిలుకలు ఎగిరిపోతే పని అయిపోయేది, వాటికి మళ్ళీ సంగతి చెప్పే పని లేదు. ఈ మనుషులు ఎగిరిపోకుండా చుట్టూ కూర్చుని ఉన్నారు. కొంగు నడుముకు బిగించుకుంది.

"బిడ్డా, ఈ అవ్వకు నిన్ననే కంటి ఆపరేషన్ అయ్యింది. ఉన్నదొక్కటే కన్ను. నువ్వు ఫోను పెట్టేసి మెల్లగ పోనియ్యి. లేకుంటే మేం ఈడనే దిగుతం."

జ్ఞానేశ్వర్ గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఆ మాట ముందుగాల చెప్పొచ్చు కద పెద్దమ్మా, పాణం పోయినంత పనాయె."

"చెప్పిన. నీకు ఇనబడలె."

"ఇప్పుడు మంచిగ ఇనబడ్డది" అని ఫోను ఆపి జేబులో వేసుకున్నాడు.

ఇక వెనక సీట్లో నోళ్ళు తెరుచుకున్నాయి. "నేను సుత అప్పటిసంది చూస్తనే ఉన్న" అన్నాడు ఇస్త్రీ చొక్కా ఆయన. వీడియో తీసి పోలీసులకు పంపాలన్నది అమ్మాయి. "లైసెన్స్ గుంజుకోవాలె గిసుంటోళ్ళయి" అని అంజిలయ్య అందరికంటే పెద్దగా అన్నాడు. జ్ఞానేశ్వర్ తల దించుకున్నాడు. అది చూసి సంగమ్మకు రెండోసారి నోరు లేచింది. ఈసారి కేక అవసరం పడలేదు.

"అంజిలయ్యా, గింత నోరు ఇందాక ఏ టమాట డబ్బల పెట్టినవు? పిలగాడు ఇన్నడు, ఆపిండు. ఇగ ఊకోండి."

ముందుగా నవ్వింది రుక్మిణమ్మ. కంటికి కుదుపు తగలొద్దని గుర్తొచ్చి, నోరు మూసుకుని నవ్వింది.

అక్కడి నుంచి జ్ఞానేశ్వర్ గుడ్ల బుట్ట మోస్తున్నట్టు నడిపాడు. గడ్డి ట్రాక్టర్లు కూడా దాటిపోయాయి. మొయినాబాద్‌లో మిగతావాళ్ళు దిగినా, వీళ్ళను ఇంకో ఆటో ఎక్కనివ్వకుండా చిన్న మంగళారం దాకా తానే తెచ్చి దించాడు. "గింత మెల్లగ పోతే, ఇల్లు చేరేలోపల కన్ను మానుతది కొడుకా" అని రుక్మిణమ్మ దారి పొడుగునా సతాయించింది.

ఆ కన్ను మంచిగానే మానింది. మళ్ళీ చూపించుకోవడానికి పోయినప్పుడు, రుక్మిణమ్మ డాక్టరు కంటే ముందు సంగమ్మ ముఖం చూసి, "నల్లగయినవేందే" అన్నదట.

ఊళ్ళో ఈ సంగతి అంజిలయ్యే చెప్పుకుని తిరిగాడు, తనను తిట్టిన ముక్క ఒక్కటి మింగేసి. ఇప్పుడు రేషన్ దుకాణానికో పంచాయతీ ఆఫీసుకో పోవాలంటే, ఆడవాళ్ళు సంగమ్మను పిలుచుకుపోతున్నారు. ఆమె అక్కడ అరవదు. "ఈమె పని ఎందుకు కాలేదో చెప్పు నాయనా, మేం ఇంటం" అని నిలబడుతుంది, అంతే. అడిగేముందు ఇప్పటికీ భయమేనట. భయమైతే కొంగు బిగిస్తుంది.

మొన్న మోకాలు మళ్ళీ ఎక్కువై, ఆలుమగలిద్దరూ డాక్టరు దగ్గరకు పోయారు. "ఎట్లున్నదమ్మా?" అని ఆయన అడగడమే ఆలస్యం, ఈశ్వరయ్య తన ఎడమ మోకాలు తట్టాడు.

"అది కాదు" అన్నది సంగమ్మ. "కుడిది. మొదటిసంది కుడిదే."

డాక్టరు పెన్ను ఆపాడు. ఈశ్వరయ్య ఆమె కాలు చూశాడు, తన కాలు చూసుకున్నాడు, స్టూలు మీద అటు తిరిగి ఇటు తిరిగి లెక్క సరిచూసుకున్నాడు. బస్‌స్టాండ్ దాకా ఆయన నోట మాట రాలేదు. పెండ్లయిన నాటి నుంచి అట్లా ఎప్పుడూ లేదు.

బస్సు కోసం నిలబడ్డాక అప్పుడు అడిగాడు. "సలికాలమంత రుద్దితి. ఒక్క మాట చెప్పకపోతివేందే?"

"మంచిగ రుద్దుతుంటివి" అన్నది సంగమ్మ. "ఎందుకు ఆపుడని ఊకున్న."