తడిమూటతో అఫ్జల్‌గంజ్ దాకా

గంజాయి సాగును చట్టబద్ధం చేయాలా వద్దా అని అఫ్జల్‌గంజ్‌లో చర్చాసభ ఉందని తెలిసి మా కాక రాములు శనివారం రాత్రే ఫలక్‌నుమాలోని మా ఇంట్లో దిగాడు. శ్రీశైలం రోడ్డు వైపు ఆయనకు చిన్న జామతోట ఉంది. "చట్టం రేపో మాపో వస్తది, చెట్లు కొట్టేసి భూమి మాకు కౌలుకియ్యి" అని ఒక ఏజెంటు ఆయన వెంట పడుతున్నాడు. ఆదివారం సాయంత్రానికి జవాబు చెప్పాలి.

ఉదయం తొమ్మిదింటికి ఫలక్‌నుమా స్టేషన్లో లోకల్ రైలెక్కాం. బండి అక్కడే బయలుదేరుతుంది కాబట్టి సీట్లు దొరుకుతాయి. కూర్చున్నాక కూడా కాక నడుం మీంచి చెయ్యి తీయలేదు.

"ఏంది బాపు, నడుం పట్టిందా?" ఎదురు సీటావిడ అడిగింది.

"లేదు బిడ్డా, కాన్పు కోసం చూస్తున్న."

పెట్టెలో అందరూ నవ్వారు. కాక నా చెవిలో అసలు సంగతి చెప్పాడు. ఏజెంటు ఇచ్చిన గుప్పెడు గంజాయి గింజల్ని శుక్రవారమే తడిగుడ్డలో కట్టి, నడుమున దోపుకున్నాడు. మొలక చూడనిదే మావాళ్లు ఏ విత్తనాన్నీ నమ్మరు. పోలికకు పక్క ముడిలో పెసలు కట్టాడు. నేను మట్టి పరీక్షల ల్యాబులో పనిచేస్తాను. పరీక్ష పద్ధతి నచ్చింది, పెట్టిన చోటే నచ్చలేదు.

"కాకా, గింజల మత్తుండది, తింటే ఏం గాదు. మొలకొస్తే సాగు చేసినట్టే అంటరేమో!"

"గదే లొల్లి. మొలకొస్తే పోలీసు, రాకుంటే మోసం. దేనికి మొక్కాల్నో సమజైతలేదు."

మలక్‌పేటలో దిగి, ఆటోలో అఫ్జల్‌గంజ్ చేరి, చాయ్, బిస్కెట్లతో సరిపెట్టుకుని హాల్లోకి వెళ్లాం. ప్రవేశం ఉచితం. నీళ్లు మాత్రం వెంట తీసుకెళ్లాలి.

నార, నూనె, మందులు, అన్నిటికీ గిరాకీ ఉంటుందనీ, చిన్న రైతు బాగుపడతాడనీ ఒకాయన చెప్పాడు. వెంటనే ఒక రైతమ్మ లేచింది. "ఇన్నేండ్లు జైలుకు పోయింది చిన్నోళ్లు. రేపు కంచె, కెమెరా, లైసెన్సు అంటే పెద్దోళ్లకే అందుతది. మాకేం మిగులుతది సార్?" కాక ఇద్దరికీ చప్పట్లు కొట్టాడు. ఒక చెయ్యి నడుం మీదే ఉంది కాబట్టి రెండో చేత్తో తొడ మీద చరిచాడు.

పంటలో మత్తు పరిమితి దాటితే తగలబెడతారట, ఆ నష్టం ఎవరిదని నేనడిగాను. మొదటి వక్త దాచకుండా చెప్పాడు: "చట్టమే రాలేదు తమ్ముడూ. షరతులు ఇప్పుడే ఎవరికి తెలుసు?"

"మరి ఆ ఏజెంటుకెట్ల ఎరుక?" అన్నాడు కాక. బగారన్నం, దాల్చా తింటున్నంతసేపూ అదే మాట.

నాలుగింటికి బార్కస్ బస్సెక్కాం. చార్మినార్ దగ్గర ఒక కానిస్టేబుల్ ఎక్కి సరిగ్గా కాక పక్కనే కూర్చున్నాడు. కాక బిగుసుకుపోయాడు. అదే సమయానికి ఏజెంటు ఫోను.

"జర ఆగన్నా, సూసి చెప్త" అంటూ కాక తెగించి మూట విప్పాడు. పెసలకు తెల్లటి మొలకలు అంగుళం దాకా సాగాయి. పక్క ముడిలో గంజాయి గింజలు ఉబ్బాయి గానీ ఒక్కటీ నోరు తెరవలేదు. వేయించినవో, పాతవో, ల్యాబు మనిషినైనా నేను చెప్పలేను. చచ్చినవని మాత్రం చెప్పగలను.

"ఏంది పెద్దాయనా అది?" కానిస్టేబుల్ తొంగిచూశాడు.

"పెసలు సార్, తీస్కోండ్రి." కాక పిడికెడు మొలకలు ఆయన చేతిలో పోసి ఫోను చెవికి పెట్టుకున్నాడు. "నీ ఇత్తులు చేనుకు గాదన్నా, చట్నీకి పనికొస్తయ్. నా చెట్లను ముట్టను. చట్టం రానీ, షరతులు చదివిచ్చుకుని అప్పుడు మళ్ల మూట కడత."

కానిస్టేబుల్ పెసలు నములుతూ, "మస్తున్నయ్, ఉప్పుంటే ఇంకా మంచిగుండు" అన్నాడు.

ఇలాంటి సభలు మళ్లీ జరిగితే వెళ్లండి. రెండు పక్షాల మాటా వినదగ్గదే, తొందరపెట్టేవాడి మాట తప్ప. ఫలక్‌నుమాలో నేను దిగిపోయాను, కాక తోటకు పోవడానికి అదే బస్సులో ముందుకు సాగాడు. కదిలిన బస్సు కిటికీలోంచి కాక చేతులూపాడు. ఆ రోజంతటికీ మొదటిసారి, రెండూ.