మూడో అరలో ఖాళీ సీసా

మొన్న సముద్రం ఒడ్డున ఉన్న మా కాలేజీలో మ్యూజియం గదికి సున్నం కొట్టించారు. బీరువాలన్నీ వరండాలోకి మోయించి, గోడలు ఆరాక మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టించే పని నాకు అప్పగించారు. నాకిలాంటి పనంటే ఇష్టం. దేని పక్కన ఏది ఉండాలి, ఏ సీసా మూత వదులైంది, ఏ పాముకి స్పిరిటు మార్చాలి అని వరసగా వేళ్ళు మడుస్తూ కూర్చుంటే అన్నం సంగతి కూడా గుర్తుండదని మా ఇంట్లో ఫిర్యాదు. సాయంత్రానికి అంతా సర్దాం. ప్రిన్సిపాలుగారు చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కో బీరువా చూసుకుంటూ వచ్చి ధాన్యాల బీరువా దగ్గర ఆగారు. మూడో అరలో జొన్నల సీసాకీ కొర్రల సీసాకీ మధ్య ఒక ఖాళీ సీసా ఉంది. "ఇదేమిటయ్యా, పన్నూడిన నోరులా? వచ్చేవారం పెద్దలు వస్తున్నారు. నింపించు, లేదా తీయించు" అన్నారు. ఆ పెద్దలు వచ్చేది మన తెలుగువాళ్ళకు సొంత విశ్వవిద్యాలయం కావాలనే సభ కోసం. విద్య ప్రజలందరి సొత్తు అని గోడలకు అంటించడానికి కాగితాలు కూడా అచ్చువేయించారు. నేను "చూస్తానండీ" అన్నాను. ఆయన వెళ్ళాక మూత తీసి వాసన చూశాను. గింజలు పోయి ఇంతకాలమైనా కలరా ఉండల వాసన పోలేదు.

నేను కాలేజీలో పరికరాలు చూసుకునే పనిలో చేరిన కొత్తలో మా వృక్షశాస్త్రం ప్రొఫెసరుగారు అరకు లోయ వైపు ఒక యాత్ర పెట్టారు. నాది టెక్నికల్ స్కూలు చదువు. మొక్కల గురించి నాకు తెలిసింది మా ఇంటి తులసికోట వరకే. అయినా త్రాసు, భారమితి, ఫోటో పెట్టె పగలకుండా చేర్చడానికి ఒక మనిషి కావాలి కనక నన్ను తీసుకెళ్ళారు. బరువైనవి కింద, పగిలేవి మధ్యన, మొదట కావలసినవి పైన అని నేను బండి సర్దిన పద్ధతిని ఆయన అందరి ముందూ మెచ్చుకున్నారు. ఆయన ఆవకాయ జాడీ పగిలేదో, మొదట కావలసినదో తేల్చుకోలేక దాన్ని ఆకులు ఆరబెట్టే అద్దుడు కాగితాల మీద పెట్టాను. ఘాటు రోడ్డు మొదటి మలుపులోనే జాడీ తన సంగతి తాను తేల్చుకుంది. ఆ యాత్రలో సేకరించిన ప్రతి ఆకుకీ ఒక అంచున ఎర్రటి నూనె మరక ఈనాటికీ ఉంది. శృంగవరపుకోట దాటి కొండెక్కాక చలి మొదలైంది. పొద్దున్నే మంచులో ముందు నడిచేవాడి తలపాగా తప్ప మనిషి కనపడడు. తేమకు త్రాసు ముల్లు బిగుసుకుపోతే నా పంచె కొంగుతో రుద్దుతూ నడిచేవాణ్ణి.

లోయ అవతలి అంచున, గెడ్డ అని పిలిచే కొండవాగు పక్కన, ఇరవై ముప్పై గడపల ఊరు ఒకటుంది. ప్రొఫెసరుగారు వెతుకుతున్న సామలు అక్కడ దొరికాయి. మామూలు సామలకంటే చాలా ముందు పండే రకం. వానాకాలం మధ్యలో పాత గింజ నిండుకుని కొత్త గింజ చేతికి రాని రోజులుంటాయి కదా, ఆ రోజులు దాటించేది ఈ సామే. ఆయన కాస్త అడిగితే ఊరి నాయుడు, అంటే ఊరిపెద్ద, తెల్లని గుబురు మీసాల ముసలాయన, చిన్న గంప నిండా తెచ్చాడు. ఇంత వద్దన్నా వినలేదు. "మరి మీది?" అని చెయ్యి చాపాడు. ప్రొఫెసరుగారు నవ్వి, కాలేజీ తోటలో పండించిన మేలురకం వడ్లు, చూపించడానికి తెచ్చిన సంచీలోంచి దోసెడు తీసి ఆయన చేతిలో పోశారు. ఆడవాళ్ళు రెండు విత్తనాలకీ పసుపునీళ్ళు చల్లారు. "ఇంక మీరూ మేమూ చుట్టాలం" అన్నాడు నాయుడు. పెళ్ళిపందిట్లో తాంబూలం చేతికిస్తూ అనే మాటలాంటిదే అనుకుని మేమందరం చప్పట్లు కొట్టాం.

కాలేజీకి వచ్చాక పద్ధతి ప్రకారం జరగవలసింది జరిగింది. మ్యూజియంలో పెట్టే గింజకు పురుగు పట్టకూడదు. అందుకని తెచ్చిందంతా ఇనప పెట్టెలో బాగా వేడిచేసి, చల్లార్చి, కలరా ఉండలు వేసి, మూతకు మైనం పూయాలి. ఇదంతా నా బల్ల మీదే జరిగింది. మూడో అరలో ఆ సీసా ఎంత అందంగా ఉండేదో చెప్పలేను. వచ్చినవాళ్ళందరికీ ముందు దాన్నే చూపించేవాళ్ళం.

రెండేళ్ళ తరవాత, ఎండలు ముదిరిన రోజుల్లో, కాలేజీ గేటు దగ్గర గోల వినిపించింది. వెళ్ళి చూస్తే నాయుడు. వెంట ఆయన కొడుకు. ఇద్దరూ ఘాటు దిగి కాలినడకన వచ్చారు. "మా చుట్టాలిల్లు ఇదే" అంటుంటే గేటు కాపలావాడు నవ్వుతున్నాడు. నన్ను చూడగానే నాయుడు "అదుగో, ముల్లు తుడిసే బాబు!" అన్నాడు. వరండాలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. చెంబు దించి విషయం చెప్పాడు. ఊళ్ళో నిప్పు పడింది. మనుషులకేమీ కాలేదు గానీ, గింజ దాచిన అటకలన్నీ పోయాయి. ముందు పండే సామ ఒక్క గింజ లేదు. "మాది మాకిత్తే బేగి ఎల్లిపోతాం బాబూ. తొలకరికి జల్లాలి."

అప్పుడు తెలిసింది నాకు ఆ చుట్టరికం ఏమిటో. ఆ కొండల్లో ప్రతి ఊరూ తన విత్తనంలో కొంత అవతలి ఊళ్ళో దాచుకుంటుంది. ఆ ఊరు దాన్ని ఏటా విత్తి, కోసి, కొత్త గింజ చేసి ఉంచుతుంది. వాళ్ళది వీళ్ళ దగ్గర అలాగే ఉంటుంది. ఒకరి అటక కాలినా, ఒకరి కొండ వాన కోసుకుపోయినా రెండోవారి గుమ్మం ముందుకు వెళ్ళి అడగడమే. మరి మాకెందుకిచ్చారని అడిగాను. "ఎనకటి చుట్టాలు తేయాకు తోటలకెళ్ళిపోనారు. ఎవరికాడ దాసాలా అని దిగులెట్టుకుని కూకుంటే మీరొచ్చినారు. సదువుకున్నోళ్ళు కదా, మాకన్నా బాగా దాత్తారనుకున్నాం" అన్నాడు. ఆ చివరి మాట ఆయన మమ్మల్ని సంతోషపెట్టడానికి అన్నాడు. నేను లేచి వెళ్ళి ప్రొఫెసరుగారిని పిలుచుకొచ్చాను.

ప్రొఫెసరుగారు మంచి మనిషి. విషయం వినగానే కదిలిపోయి, "సీసా మొత్తం ఇచ్చెయ్యవోయ్, మనకు మళ్ళీ దొరక్కపోతాయా" అన్నారు. వేడిచేయించిన సంగతి ఆయనకా క్షణాన తట్టలేదు. నేను "అవి మొలవవండీ" అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. ఇంగ్లీషులో ఏదో గొణిగి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నాయుడు మా ఇద్దరి ముఖాలూ చూసి, "ఏటంటన్నారు?" అని నన్ను అడిగాడు. చెప్పాను. సీసా తెచ్చి చేతికిచ్చాను. మూత తీసి వాసన చూశాడు. ఒక గింజ పంటి కింద వేసుకుని ఉమ్మేశాడు.

"సచ్చిపోనాది" అన్నాడు. తరవాత, కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు: "మరి ఎందుకు దాసినారు బాబూ?"

"చూడ్డానికి" అన్నాను.

"సూడ్డానికా?" అని కొడుకు వైపు తిరిగాడు. వాడు తల తిప్పుకున్నాడు.

గింజలు మాత్రం వదిలిపెట్టలేదు. మొలవకపోయినా మాదే కదా, పరాయింట ఉండకూడదు, ఆడోళ్ళు కప్పెడతారు అని గుడ్డలో మూటకట్టుకున్నాడు. ప్రొఫెసరుగారు దారికి బియ్యం ఇప్పించబోతే, "అన్నానికి రాలేదు బాబూ" అన్నాడు. ఇద్దరూ ఎండలోకి వెళ్ళిపోయారు. గేటు కాపలావాడు కూడా ఈసారి నవ్వలేదు.

ఆ వానాకాలంలోనే ప్రొఫెసరుగారు సెలవు పెట్టి బయలుదేరారు. నన్ను రమ్మన్నారు. సాలూరు వర్తకుల దగ్గర సామలు కొనిపించి ముందే పంపారు గానీ అవి మామూలువి, దీపావళి దగ్గరపడితే గాని పండవు. మేము వెళ్ళేసరికి ఊరు ఆకలి రోజుల్లో ఉంది. పైకప్పులు కొత్తవి, గడ్డి ఇంకా పచ్చగా ఉంది. పొగలో మగ్గిన చేదు వాసన ఒకటి ఇంటింటా వేస్తోంది. నాయుడి భార్య మాకు అడ్డాకు దొప్పల్లో మామిడి టెంక జీడి అంబలి పోసింది. ఎన్నిసార్లు నీళ్ళు మార్చి ఉడికించినా నాలుక మీద వగరు నిలిచే అంబలి. మామూలు ఏడాదైతే ఆ రోజుల్లో ఆ ఇంట సామన్నం ఉండేది. ఎవరూ ఆ మాట అనలేదు. ప్రొఫెసరుగారు పాపం అలవాటు కొద్దీ, దీన్ని ఎలా చేస్తారమ్మా అని అడిగారు. ముసలమ్మ గరిటె ఎత్తిపట్టుకుని, "ఏటి బాబూ, దీన్ని కూడా సీసాలో ఎడతారా?" అంది.

ఇల్లంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. నాయుడు దగ్గు వచ్చేదాకా నవ్వాడు. ప్రొఫెసరుగారు కూడా నవ్వారు, కళ్ళు తుడుచుకున్నారు. నేను మాత్రం దొప్పలోని అంబలి చివరి చుక్కదాకా తాగేశాను.

నవ్వులు సద్దుమణిగాక ముసలమ్మ లోపలికెళ్ళి ఒక ఎండు సొరకాయ బుర్ర తెచ్చింది. మూతగా కట్టిన ఆకు విప్పి మా ముందు వంచింది. వడ్లు. మా కాలేజీ తోటవి. పొడుగ్గా, సన్నగా, అంచున ఎర్రటి గీతతో. నేనే కదా సంచీలో నింపింది, వెంటనే పోల్చుకున్నాను. ఆ చలికి అవి సరిగా పండవట. గెడ్డ పక్కన ఎండ తగిలే మూల చూసి, చిన్న మడి కట్టి, ఏటా విత్తి కోశారు. నిప్పు పడ్డనాడు ఈ బుర్ర ఎలా బతికిందని అడిగాను. "అటక మీదవి మావి. మీది పరాయోళ్ళ సొమ్ము కదా, గుమ్మంకాడ ఏలాడదీసినాం. ముందల అదే అందింది, అట్టుకుని పరిగెట్టినాను" అంది. నాయుడు అందుకుని, "మీది సావలేదు బాబూ. ఎప్పుడొచ్చి అడుగుతారో అని ఈ ఏడు కూడా జల్లినాం" అన్నాడు. ఎత్తిపొడుపు ఉందేమోనని ఆయన ముఖం వెతికాను. లేదు. ఉంటే బాగుండేది.

కాలేజీకి ఆ వడ్లు అక్కర్లేదు, తోటలో గాదె నిండా ఉన్నాయి. ప్రొఫెసరుగారు తీసుకోమని నాకు సైగ చేశారు. నేను కొన్ని తీసుకున్నాను. మిగతావి ఉంచండమ్మా అన్నాను. ఆమె ఆకు మళ్ళీ కట్టేసింది. వెళ్ళేటప్పుడు ప్రొఫెసరుగారు సిగ్గుపడుతూనే అడిగారు, మళ్ళీ మీ విత్తనం ఏదైనా మా దగ్గర దాస్తారా అని. నాయుడు మీసం నిమురుకున్నాడు. "ముందల మాకు దొరకనియ్యండి. ఆ పైన ఆడోళ్ళనడగాల" అన్నాడు. పాత చుట్టాల ఊరివాళ్ళు ఎవరైనా తేయాకు తోటల నుంచి తిరిగొస్తే, వాళ్ళ దగ్గర నాలుగు గింజలుంటాయేమోనని ఆయన ఆశ.

అందుకే ఆ సీసాను నేను నింపనూ లేదు, తీయనూ లేదు. ప్రొఫెసరుగారు ఉద్యోగం విరమించి వెళ్ళిపోయారు. ఎందుకు ఖాళీగా ఉందో ఇక్కడ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. వచ్చేవారం పెద్దలు అడిగితే చెబుతాను, విద్య ప్రజలందరి సొత్తు అన్న గోడ మీది అచ్చు కాగితం పక్కనే నిలబడి చెప్పాలి. ముసలమ్మ దగ్గర తెచ్చుకున్న వడ్లు ప్రయోగశాల వెనక సిమెంటు తొట్టిలో ఏటా విత్తుతున్నాను. సముద్రపు గాలికి ఒక్కో ఏడు సగం తాలే అవుతుంది. అయినా మంచి గింజ ఏరి మళ్ళీ విత్తుతాను. కొండ మీద ఆ బుర్రను ఇంకా గుమ్మం దగ్గరే వేలాడదీస్తున్నారో లేదో తెలియదు. ఆకలి రోజుల్లో కూడా వాళ్ళు మావి ముట్టలేదు. అలా కాపాడటం నాకు చేతనవుతుందో లేదో, ఒక్కో తొలకరికీ ఒక్కోసారి చూసుకోవాలి.