ఖాళీ డబ్బీ ఎరుపు

కోఠీలో ఇద్దరు దుకాణందార్లను ఒకరి మీదికి ఒకరిని పోటీకి దింపి, రెండు గాజు క్యూవెట్ల ధరకు వంద ప్లాస్టిక్ క్యూవెట్లు కొట్టుకొచ్చాను. ఇంత చెడ్డ బేరం నా జన్మలో మరొకటి చేయలేదు. అయినా ఎంత అందంగా చేశానో చెప్పకపోతే నాకు అన్నం అరగదు.

క్యూవెట్ అంటే చిటికెన వేలంత, నలుపలకల డబ్బీ. అందులో రంగునీళ్లు పోసి యంత్రంలో పెడితే, అవి వెలుగును ఎంత అడ్డుకున్నాయో అంకె చూపిస్తుంది. రంగు ఎంత చిక్కనైతే అంకె అంత పెద్దది.

"ఇందుల ఏం పోస్తవమ్మా?" అని వాళ్లలో ఒక దుకాణందారు అడిగాడు.

"నీకెందుకన్నా, రేటు చెప్పు" అన్నాను. సరుకు దేనికని అడిగేవాడు ధర పెంచడానికే అడుగుతాడని నమ్మే ఇంట్లో పెరిగాను. చిట్యాలలో మాది కిరాణా దుకాణం.

అప్పుడు నేను నల్లగొండలో ఎమ్మెస్సీ రెండో ఏడు. టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్‌ను తయారుచేసే జన్యువులను బాక్టీరియాలో చేర్చి, అది ఎంత ఎరుపు పుట్టిస్తుందో కొలవడం మా పని. ల్యాబు నడిపే మేడం రెండు రకాలు చేయించారు. ఒకటి నాది, రెండోది ల్యాబులో నా జతగత్తెది. ఆమెది అచ్చంపేట అవతల ఊరు. ఎవరిది ఎక్కువ ఎరుపైతే దాని మీదే ఇక పనంతా; రెండోదాన్ని ఆవిరిలో ఉడికించి పారబోయాలి. తన రకాన్ని నిలబెట్టడానికి ఆమె దసరాకు కూడా ఇంటికి పోలేదు.

ల్యాబులో గాజు క్యూవెట్ ఒక్కటే. ఆమె దాన్ని కడిగి, ఆరబెట్టి, ఒక్కో నమూనా కొలిచేది. నేను అసిటోన్ పోసి బాక్టీరియాలోంచి ఎరుపు దింపి, పదేసి డబ్బీలు ఒక్కసారే నింపి వరుసగా పేర్చి, తీరిగ్గా పేర్లు రాసుకుని, కొలిచి చెత్తబుట్టలో వేసేదాన్ని. శుక్రవారం మధ్యాహ్నానికి నా పని అయిపోయింది. నా అంకె ఆమె అంకెకు మూడింతలు.

"ఏం తినవెడ్తున్నవే నీ పురుగులకు?" అంది.

"మా దుకాణం బెల్లం" అన్నాను.

ఆమె రకాన్ని సోమవారం ఉడికించేయమని మేడం ఆ సాయంత్రమే చెప్పారు. ఆమె గాజు క్యూవెట్‌ను మరోసారి కడిగింది.

ఆదివారం ఇంటికి పోయి గొప్పలు చెప్పాను. అమ్మ నూనె తూస్తూ వింది.

"డబ్బీతోని తూచినవా, డబ్బీ తీసి తూచినవా?"

"ముందుగాల ఒట్టి అసిటోన్ పోసిన డబ్బీ పెట్టి సున్నా చేస్తమమ్మా. నువ్వు ఖాళీ సీసా తూచినట్టే."

"మళ్ల గదే డబ్బీల సరుకు పోసినవా?"

"లే, వేరేదాంట్ల. అన్నీ ఒక్కతీరుగనే ఉంటయి."

"నీ మొకం. ఒక్కతీరుగున్న రెండు డబ్బాలు నేనైతే ఇంతవరకు చూడలే" అని గిరాకీ వైపు తిరిగింది.

సోమవారం పొద్దున్నే ల్యాబుకు పోయి, కొత్త డబ్బీలో ఒట్టి అసిటోన్ పోసి, సున్నా చేసి, నేను పేర్లు రాసుకునేంతసేపు అలాగే వదిలేశాను. అందులో రంగూ లేదు, బాక్టీరియా లేదు. కాసేపటికి అంకె కదిలింది. ఇంకాసేపటికి జతగత్తె బాక్టీరియా అంకెను దాటిపోయింది. డబ్బీ బయటికి తీస్తే చలికాలం బస్సు అద్దంలా మసకబారి ఉంది. గోళ్లరంగును తుడిచేసే అసిటోన్ ప్లాస్టిక్‌ను మాత్రం వదులుతుందా? నేను మూడింతలని మురిసిపోయింది ఆ మసకను చూసుకుని.

జతగత్తె అప్పటికే తన సీసాలు పట్టుకుని ఉడికించే పాత్ర దగ్గర నిలబడింది.

"జర ఆగవే" అని డబ్బీ చూపించి అంతా చెప్పాను. చెప్పి, అలవాటు కొద్దీ బేరం పెట్టాను. "రెండూ సమానమే అని చెప్దాం. నీ పురుగులు బతుకుతయి, నా ఇజ్జత్ బతుకుతది."

"నీది గాజుదాంట్ల కొలువు. ఎంతొస్తే గంత. నా తాన బేరాల్లేవు" అంది.

కొలిచాను. మేడంకూ చెప్పాను.

లెక్క ఇదీ. ఆమె బాక్టీరియా ఎరుపు పది పాళ్లు అనుకుంటే, నాది ఏడు. నేను ముప్ఫై అని చూపినదాంట్లో మిగతా ఇరవైమూడు పాళ్లు ప్లాస్టిక్. ఆ రోజు ఉడికింది నాది. మిగిలిన డబ్బీల్లో అమ్మ యాలకులు పోసి అమ్మబోయి, మూతల్లేవని మానుకుంది. శుక్రవారం నుంచి జతగత్తెకు కంటి మీద కునుకు లేదట. ఆ మూడు రాత్రులకు ఎంతవుతుందే అని అడిగితే, ల్యాబుకు ఇంకో గాజు క్యూవెట్ కొనియ్యమంది.

కొన్నాను. దుకాణందారు అడిగిన ధరకే.