మాట కోసం తిరిగొచ్చిన సారు

పోయిన శుక్రవారం ఇక్కడ గల్ఫ్‌లో, జింజ్‌లోని ఫోన్ బూత్ నుంచి ఇంటికి మాట్లాడుతుంటే నా భార్య చెప్పింది: "మీ సారు గుండె ఆగి పోయిండట. దినాలు గూడ అయిపోయినయట." ఆ తర్వాత ఆమె ఏం చెప్పిందో నాకు వినపడలేదు.

మీలో ఎవరికీ ఆయన తెలియదు. తొంభై మూడులో అస్కర్ దగ్గరి లేబర్ క్యాంపులో ఆయనది నా పక్క మంచం. జగిత్యాల వైపు ఒక ప్రైవేటు బడిలో చరిత్ర చెప్పేవారు. బడి మూతపడితే ఇక్కడికొచ్చి మాతోపాటు సిమెంటు మోశారు. "క్లాసుల అడుగువెట్టంగనే పిల్లలందరు ఒక్కసారి లేచే చప్పుడుంటది సూడు తమ్మీ, అది యాదికొస్తది" అనేవారు.

సెలవు రోజున ఇసుకలో ఇనుప కడ్డీతో మధ్యధరా సముద్రం గీసి, రెగ్యులస్ అనే రోము సేనాని కథ చెప్పేవారు.

"రెండుసార్లు కాన్సుల్ అయిండు. అంటె రాజ్యంల అందరికంటె పెద్ద పదవి. ఆఫ్రికా మీదికి దండెత్తి పోయినంక, ఇంటికాడ పొలం చూసెటోడు సచ్చిండని, కూలోడు పనిముట్లు ఎత్కపోయిండని కబురొచ్చింది. పెండ్లాం పిల్లలు ఏం తింటరు, నన్ను ఇంటికి పంపుండ్రి అని రోము పెద్దల సభకు రాసిండు."

"గంత పెద్దాయనకు గూడ మన బాధేనా సార్!" అని నవ్వాం.

ఇంటి సంగతి మేం చూసుకుంటాం, నువ్వు అక్కడే ఉండు అంది సభ. తర్వాత ఆయన యుద్ధంలో ఓడి, ఆఫ్రికాలోని శత్రురాజ్యమైన కార్తేజ్‌వాళ్లకు బందీ అయ్యాడు. కొన్నేళ్లకు వాళ్లే ఆయన్ని సంధి మాట్లాడమని రోముకు పంపారు, కుదరకపోతే తిరిగి రావాలని మాట తీసుకుని. ఆయనేమో ఆ సంధి రోముకు మంచిది కాదని సభలో తానే చెప్పాడు. ఇంటివాళ్లు ఏడుస్తున్నా చెరలోకి తిరిగి వెళ్లాడు, అక్కడే చనిపోయాడు. "తిరిగివోయిన ముచ్చట నిజమో కాదో అని చరిత్ర రాసెటోళ్లకే అనుమానం" అని కూడా సారు దాచకుండా చెప్పేవారు.

"పిచ్చోడు" అన్నాను నేను.

"కావచ్చు. గని ఆయన మాట నమ్మి కూసున్నోళ్లుంటరు గద."

తొంభై అయిదులో సారుకు రెండు నెలల సెలవు దొరికింది. ఆయన తిరిగొస్తేనే నాకు సెలవని ఫోర్‌మన్ తేల్చేశాడు. నా బిడ్డకు అప్పటికి రెండో ఏడు. నేనింకా ముఖమే చూడలేదు. "వస్త తమ్మీ" అని వెళ్లారు.

ఊళ్లో కొత్త బడివాళ్లు ఆయన్ని చరిత్ర చెప్పమని పిలిచారని, అటునుంచి వచ్చిన ఒకతను చెప్పాడు. ఇక రారనుకున్నాను. నేనైతే వచ్చేవాణ్ని కాదు.

చెప్పిన రోజునే క్యాంపు గేటు ముందు దిగారు.

"బడిల నౌకరి దొరికిందట గద సార్, ఎందుకొచ్చిండ్రు?"

"కొన్నాళ్లు ఆగుమన్న. ఆగలేమన్నరు." సంచి మంచం మీద పెట్టి, "నువ్వు సామాన్ సదురుకో" అన్నారు.

ఆ ఉద్యోగం ఇంకొకరికి పోయింది. మరో మూడేళ్లు ఇక్కడే సిమెంటు మోసి, కిందటేడు ఇల్లు చేరారు. మళ్లీ ఏ బడీ పిలవలేదు. ఆ సంగతి నాతో ఒక్కసారీ ఎత్తలేదు. ఎత్తి నన్ను నాలుగు మాటలు అని ఉంటే ఇవాళ కొంచెం తేలికగా ఉండేదేమో.

నేను సెలవుకు బయల్దేరిన ఉదయం ఆయన డ్యూటీ బస్సు కోసం వరసలో ఉన్నారు. నా వ్యాను కదలబోతుంటే వరస వదిలి వచ్చి, కిటికీలోంచి చెయ్యి పెట్టి నా చొక్కా కాలరు సరిచేశారు.

"కొత్త మొఖమని బిడ్డ ఏడుస్తది. ఏడ్సినా ఎత్తుకో."

వెనక్కి తిరిగి చూశాను. వరసలో ఆయన చోటు పోయింది. హెల్మెట్ చేత పట్టుకుని, అందరికంటే వెనక, ఎండలో నిలబడి ఉన్నారు.