ఖాళీ జాగాలో వాక్యం

ఆ రోజుల్లో నాకు రెండు ఉద్యోగాలుండేవి. రేపల్లెలో బస్సెక్కి చెరుకుపల్లి వెళ్లి బడిపిల్లలకి లెక్కలు చెప్పడం ఒకటి, సాయంత్రం ఇంటికొచ్చి వంటింటి బల్ల ఆక్రమించి నీటిరంగులతో నైరూప్య చిత్రాలు వేయడం రెండోది. మొదటిదానికి జీతమిచ్చేవారు, రెండోదానికి మా అమ్మ టీ ఇచ్చేది. "ఇవాళ ఎన్ని మరకలు అయ్యాయే?" అని అడిగేదే గానీ, కుంచెలు కడిగే గిన్నెలో నీళ్లు తనే మార్చేది. తడి రంగు చెదిరిపోతుందని ఫ్యాన్ ఆపేసి, అమ్మ, నాన్న, నేను ముగ్గురం చెమటలు కక్కుతూ అన్నం తినేవాళ్లం. (వాళ్లు ఒక్కరోజూ విసుక్కోలేదు. ఆ సంగతి గమనించడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.)

మా నాన్న రిటైరైన గుమాస్తా. ఆదివారం ఆరాధనకి ముందు చర్చిలో నల్లబల్ల మీద ఆ వారం బైబిల్ వాక్యం రాసేది ఆయనే. అట్టయినా గోడయినా, ఖాళీ కనబడితే ఆయన చెయ్యి ఊరుకోదు. మా ఫ్రిజ్ మీద కూడా వాక్యముంది.

బాపట్లలో ఒక చిత్రప్రదర్శనకి, ఫోనులో పంపిన ఫోటో చూసి, నా బొమ్మ ఒకటి ఎంపిక చేశారు. నా మొట్టమొదటి ప్రదర్శన. గురువారం పదింటికల్లా బొమ్మ అక్కడుండాలి. కింద నీలం, ఆకుపచ్చ ఒకదాన్నొకటి తోసుకుంటుంటాయి, పైన మూడోవంతు ఉత్త తెల్లకాగితం. ఆ తెలుపే బొమ్మకి ప్రాణమని తోటి టీచర్లకి చెప్పి చెప్పి విసిగించాను. బుధవారం సాయంత్రం బడినుంచి వచ్చేసరికి ఆ ప్రాణం మీద నల్లసిరాతో, రెండు వరసల్లో, గుండ్రటి అక్షరాలతో వాక్యం రాసి ఉంది.

"నాన్నా, ఏంటిది?"

"జాగా వదిలావు కదమ్మా. వాక్యానికేమో అనుకున్నాను."

నా జీవితం నాశనం చేశారని ఏడ్చాను. (అప్పటికి ఆ జీవితం వయసు ఇరవై మూడు.) ఆయన ఆ పూట అన్నానికి లేవలేదు.

పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని నాకంటే ముందు గుమ్మంలో నిలబడ్డారు. తెనాలిలో రైలు మారి ఇద్దరం బాపట్ల చేరాం. నిర్వాహకుడు బొమ్మ చూసి తల అడ్డంగా ఊపాడు.

"రాతలున్నవి పెట్టమండి. అందరికీ అదే రూలు."

"రాత నాదండి. బొమ్మ మా అమ్మాయిది. కాస్త కత్తెర ఇప్పించండి," అని నాన్న నావైపు తిరిగారు. "తీసేయనా అమ్మా?"

తలూపాను. వాక్యమున్న కాగితం కింద పడితే కళ్లకద్దుకునే మనిషి, స్కేలు పెట్టి గీత గీసి, తన అక్షరాలు తనే కత్తిరించి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

బొమ్మ గోడెక్కింది. ప్రాణం పోయిన బొమ్మ ఎలా ఉంటుందోనని దూరం జరిగి చూశాను. నిజం చెప్పొద్దూ, ముందుకంటే బాగుంది. (ఈ మాట ఇంట్లో ఇంతవరకూ చెప్పలేదు.)

సాయంత్రందాకా నాన్న దాని పక్కనుంచి కదల్లేదు. "అందులో ఏముందా అని వెతక్కండి. ఏమీ లేదు. రంగులు చూడండి చాలు. మా అమ్మాయి వేసింది," అని వచ్చినవాళ్లందరికీ చెప్పారు. ఒక పెద్దాయన వదల్లేదు.

"మరి అర్థమేంటండి?"

"నాకూ తెలీదండి. తను కావాలనే అలా వేసింది."

నేనేమో సిగ్గుతో చచ్చిపోతూ, నాన్నెవరో తెలియనట్టు స్తంభం చాటున నిలబడ్డాను. నా బొమ్మల గురించి అంత బాగా చెప్పినవాళ్లు ఆ తర్వాత ఒక్కరూ దొరకలేదు. స్తంభం చాటున దాక్కున్న ఆ పిల్లని ఇప్పుడు చెవి పట్టుకుని లాక్కెళ్లి ఆయన పక్కన నిలబెట్టాలనిపిస్తుంది.