దోర్నాల అక్కతో చదివిన పాఠాలు

ఇంజనీరింగ్ పూర్తయ్యాక నేను వెళ్ళిన మొదటి ఇంటర్వ్యూలో పేర్లను వరసలో పెట్టే ప్రోగ్రాం సరిగానే రాశాను. జవాబూ సరిగానే వచ్చింది. పది పేర్లకు బదులు పది లక్షల పేర్లిస్తే ఇది ఎంతసేపు తీసుకుంటుందని అడిగారు. చెప్పలేకపోయాను. కాలేజీలో ఆ పాఠం ఉంది గానీ పరీక్ష కోసం బట్టీపట్టి మరిచిపోయాను. కొనకనమిట్ల దగ్గర మా ఊరికి తిరిగొచ్చి ఆన్‌లైన్‌లో అల్గారిథమ్స్ కోర్సులో చేరాను.

చేరిన కొద్ది రోజులకే నాయనకు కిడ్నీలు పనిచేయడం లేదని తేలింది. మా వైపు ఇది వింత జబ్బేమీ కాదు. బోరు నీళ్ళ వల్లనని కొందరు, నొప్పి బిళ్ళల వల్లనని కొందరు అంటారు. వారానికి రెండుసార్లు మార్కాపురంలో డయాలసిస్. అమ్మ గేదెల్ని, పొలాన్ని చూసుకోవాలి గనుక నాయన వెంట నేనే వెళ్ళేదాన్ని. ఊళ్ళో సిగ్నల్ సరిగా అందదు. మార్కాపురంలో దిగగానే పాఠాలు డౌన్‌లోడ్ పెట్టి, ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చుని చూసేదాన్ని. ఒక చేతికి సూదులుంటే, రెండో చేత్తో నాయన ఫోన్ నిలబెట్టి పట్టుకునేవాడు, నేను రాసుకోవడానికి వీలుగా. చెయ్యి నొప్పి పుడుతుంది, వద్దంటే వినేవాడు కాదు.

"నాకింకేం పనుందిలేమ్మా ఈడ" అనేవాడు.

పక్క మంచం మీద ఒకాయన, నాయనకన్నా చాలా చిన్నవాడు, డయాలసిస్‌కు వచ్చేవాడు. వాళ్ళకు దోర్నాలలో రోడ్డు పక్కన హోటలు. వెంట వచ్చే ఆయన భార్యను నేను అక్కా అని పిలిచేదాన్ని. ఒకరోజు ఆమె నా ఫోన్‌లోకి తొంగి చూసి, "అది రికర్షన్ కదా చెల్లీ" అంది. ప్రోగ్రాం తనను తానే మళ్ళీ పిలుచుకునే పాఠం అది. బీఎస్సీ కంప్యూటర్స్ చదువుతుండగా మధ్యలో పెళ్ళి చేశారట. ఆ రోజు నుంచి ఒక ఇయర్‌ఫోన్ ఆమె చెవిలో, ఒకటి నా చెవిలో.

నాకన్నా ఆమెకే తొందరగా అందేది. అదే పని మళ్ళీ మళ్ళీ చేసే ఒక లూప్ లోపల ఇంకో లూప్ తిరుగుతుంటే, పేర్లు రెండింతలైనప్పుడు పని నాలుగింతలెందుకవుతుందో నాకు ఆమే విడమరిచి చెప్పింది. వరసలో పెట్టే మెర్జ్ సార్ట్ పద్ధతి నాకు ఎంతకీ ఎక్కకపోతే, సంచిలోంచి పాత బస్సు టికెట్లు తీసి మంచం అంచున పరిచి, సగాలు చేసి, మళ్ళీ సగాలు చేసి, నంబర్ల వరసలో కలిపి చూపించింది. ఆమె భర్త పడుకునే చూస్తున్నాడు.

"పెళ్ళైనకాడి నుంచి నాతో ఇన్ని మాటలు మాట్లాడలేదు ఈమె" అన్నాడు నాయనతో. నలుగురం నవ్వుకున్నాం.

వానాకాలం మొదట్లో ఒక ఉదయం మేం వెళ్ళేసరికి ఆ మంచం మీద ఎవరో ముసలామె ఉంది. ముందురోజు సాయంత్రం ఆయనకు ఆయాసం వచ్చిందనీ, దోర్నాల నుంచి తీసుకొస్తుంటే దారిలోనే పోయాడనీ నర్సు చెప్పింది. అక్క నంబరు కలవలేదు. కాసేపటికి అలవాటుగా ఫోన్‌లో పాఠం తెరిచాను.

"ఇయ్యాల చదవొద్దులేమ్మా" అన్నాడు నాయన. ఆ పూటంతా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

గ్రాఫ్‌ల పాఠాలు ఒక్కదాన్నే చదివాను. ఎన్నిసార్లు చూసినా సగమే అర్థమయ్యేవి. ఎలాగో కోర్సు ముగించి, రెండు మూడు ఇంటర్వ్యూలు తప్పాక, ఇంటి నుంచే చేసే చిన్న ఉద్యోగం తెచ్చుకున్నాను. నెట్ కోసం మార్కాపురంలో గది తీసుకున్నాం. అప్పుడు వెళ్ళాను దోర్నాలకు.

అక్క హోటలు వెనక ఉల్లిగడ్డలు తరుగుతోంది. బాగా చిక్కిపోయింది. ముందు నాయన ఆరోగ్యం అడిగింది, తర్వాత కోర్సు గురించి. ఉద్యోగం వచ్చిందంటే మంచిదంది. నువ్వు నాకన్నా బాగా చేస్తావక్కా, మిగిలిన పాఠాలు పూర్తిచెయ్యి, నేను తోడుంటానన్నాను.

"ఫోన్ మా మామ తీసుకున్నాడు చెల్లీ. అడిగితే, మొగుడు సచ్చినాక ఎవరితో మాట్లాడాలంటాడు." కత్తిపీట మీంచి తల ఎత్తలేదు. "ఇంగ ఆ పాఠాల సంగతి నాకు చెప్పొద్దు. విన్నరోజు నిద్ర పట్టదు."

ఇంతలో శ్రీశైలం పోయే యాత్రికులు బస్సు నిండా దిగారు. హోటలు ముందు నుంచి మామ కేకేశాడు. ఆమె నాకొక ప్లేటులో ఇడ్లీ పెట్టిచ్చి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ అటు వెళ్ళిపోయింది. నేను తినేసరికి కూడా జనం తగ్గలేదు. చెప్పి వద్దామని కాసేపు నిలబడ్డాను. మర్నాడు నాయనకు డయాలసిస్ ఉంది. మార్కాపురం బస్సు వస్తే ఎక్కేశాను.