అంచు కలిపి కొలిచిన కళ్లెం

2021 మే 18. మా మరిది పోయి నేటికి పదకొండు రోజులు. ఊపిరి అందక పోయాడని ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. ముఖం చూడనివ్వలేదు. పదకొండో రోజుకు నలుగురూ రాలేని కాలం కాబట్టి, ఆయన గురించి చెప్పవలసింది సూరత్‌లోని మనవాళ్లు చదివే ఈ పత్రికలో రాస్తున్నాను. మరో కారణం కూడా ఉంది. ఆయన సాకిన గుర్రాన్ని తీసుకుపోతానని దాని సొంతదారైన ఠేకేదారు నిన్న కబురు పెట్టాడు.

ఆయన్ని అంబులెన్సు ఎక్కించిన పొద్దున ఆ గుర్రం, చాందీ, కొట్టం తలుపును తన్ని తన్ని రెండు పలకలు విరిచింది. సూరత్ శివారు వడోద్‌లో మగ్గాల షెడ్ల వెనక ఉంది ఆ రేకుల కొట్టం. మా ఇంటి మగవాళ్లంతా సాంచాల మీదే, అంటే మరమగ్గాల మీదే బతికారు. మా మరిది ఒక్కడే సాంచా వదిలి, పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు పంపే ఠేకేదారు దగ్గర చేరాడు.

ఆయన మంచివాడని మొదలుపెట్టను. గుర్రాలను కొట్టేవాడు. కళ్లెంలో గుర్రం నోట్లోకి పోయే ఇనుప కడ్డీని ఇక్కడ చోకడు అంటారు. ఊరేగింపు గుర్రాల చోకడుకు ముళ్లుంటాయి. పగ్గం లాగితే అవి నాలుకలో దిగుతాయి. ఆ నొప్పికి గుర్రం అక్కడికక్కడే కాళ్లెత్తి కొట్టుకుంటుంది. జనం దాన్ని నాట్యమని చప్పట్లు కొడతారు. ఒకసారి వరాఛాలో పెళ్లికొడుకు తెల్ల పైజామా మీద ఎర్రటి నురగ పడింది. అతని మేనమామ మా మరిది చెంప పగలగొట్టాడు. మా మరిది తిరిగి కొట్టింది మేనమామను కాదు, గుర్రాన్ని. ఆ సంగతి ఆయనే నాకు చెప్పాడు.

మొదటి లాక్‌డౌన్‌లో పెళ్లిళ్లు ఆగిపోయాయి. మరిదిని చూడ్డానికి అడాజన్ నుంచి వచ్చిన నేనూ, నా మనవరాలూ వడోద్‌లోనే చిక్కుకుపోయాం. పదిహేనేళ్ల పిల్ల. అంతకుముందే స్వారీ నేర్చుకుంటూ ఉండేది. ఒక పొద్దున చాందీకి బెల్లం పెడుతూ నోట్లోకి చూసింది.

"చిన్నతాతా, నాలుక గిట్ల చిరిగిందేంది? సచ్ బోలో."

"ఏం గాదు బిడ్డా. దానికి ఆదత్ అయిపోయింది."

"ఆదతా? అలవాటా?" అన్నాను. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పిన గొంతు నాది. "అయితే నువ్వు పెట్టుకో."

కోపంలో అన్న మాట. ఆయన ముళ్ల చోకడును తువ్వాలుతో తుడిచి తన నోట్లో పెట్టుకున్నాడు. పగ్గాలు నా చేతికిచ్చాడు. "గుంజు వదినె."

"నానమ్మా, వద్దు!" అని పిల్ల అరిచింది.

నేను గుంజాను. మెల్లగా గుంజలేదు.

ఆయన మోకాళ్ల మీద పడ్డాడు. రక్తం గడ్డం మీదుగా బనీను మీదికి కారింది. కాసేపటికి లేచి, ఆ కడ్డీని రాయి మీద పెట్టి, ముళ్లన్నీ చదునయ్యేదాకా సుత్తితో కొట్టాడు. నేను గుంజినందుకు ఆయన ఏనాడూ ఒక్క మాట అనలేదు. నేనూ ఆయన్ని క్షమాపణ అడగలేదు. ఇక్కడ అడుగుతున్నాను.

చాందీ ఠేకేదారుది. ముళ్లు లేకపోతే అది ఎవరి మాటా వినదని అతను నవ్వాడు. గుర్రపు స్వారీ పోటీల్లో ముళ్ల చోకడు పెడితే మైదానంలోకే రానివ్వరని, నున్నటి కడ్డీతోనే గుర్రాలు దూకుతాయని పిల్ల చెప్పింది. "అయితే ఒక్క పోటీ పూర్తి చేయించండి. చేస్తే గుర్రం మీదే. లేకపోతే పాత చోకడు, పాత పని" అన్నాడతను.

పోటీ నియమాల పుస్తకం నేనే చదివాను. కడ్డీ నున్నగా, తగినంత లావుగా ఉండాలి. పదును, ముల్లు, తీగ ఉండకూడదు. ఇక కొలత. మా ఇళ్లలో బట్ట కొలిచేటప్పుడు అంచు వదలం. పాత కడ్డీని కూడా నేను అలాగే, రెండు కొసల వలయాలూ కలిపి కొలిచి, ఆరున్నర అంగుళాలని రాసి కొత్తది తెప్పించాను. కొలవవలసింది వలయాల మధ్య ఉన్న కడ్డీని మాత్రమే. అది అయిదంగుళాలే.

"జర పెద్దగ లేదా వదినె?"

"నాకు కొలతలు నేర్పకు."

పిల్ల ఎక్కి పగ్గం పట్టగానే కడ్డీ ఒక పక్కకు జారింది. దాని నడిమి కీలు పైకి మడుచుకుని అంగిట్లో గుచ్చుకుంది. చాందీ నిలువునా లేచింది. పిల్ల ఇటుకల కుప్ప మీద పడింది. గిట్టలు పిల్ల మీదికి దిగేలోగా ఆయన మధ్యలోకి ఉరికాడు. గుర్రం తల ఆయన ముఖాన్ని సమ్మెటలా కొట్టింది. పక్కనే గోడకు చర్నాకోల వేలాడుతోంది. ఆయన చెయ్యి దాని వైపు పోలేదు. గుర్రం మెడను కావలించుకుని అది శాంతించేదాకా నిలబడ్డాడు. తర్వాత అరచేతిలోకి ఉమ్మి లెక్కపెట్టాడు.

"మూడు, వదినె. రాసుకో." రక్తం నోటితోనే నవ్వాడు. "గుర్రానికి చోకడు కూసునే కాడ పండ్లే ఉండవు. ఇగ నా నోట్ల గూడ జాగ అయ్యింది."

రాశాను: "పళ్లు మూడు. తప్పు నాది."

ఈసారి కొలతకు ఆయనే మగ్గం దారం చాందీ నోట్లో అడ్డంగా పట్టి, రెండు పెదాల కొసల దగ్గర ముడులు వేశాడు. రెండు కీళ్లు, వాటి నడుమ గోళీ అంత నున్నటి తునక ఉన్న కడ్డీ తెప్పించాం. అది అంగిట్లో గుచ్చుకోదు. చలికాలం పొద్దుల్లో ఆయన దాన్ని అరచేతుల మధ్య వేడిచేసి పెట్టేవాడు. "చల్లటి ఇనుము నువ్వు నోట్ల పెట్టుకుంటవా?" అనేవాడు. సంక్రాంతి దాటేసరికి చాందీ తనంతట తానే నోరు తెరిచేది.

ఏప్రిల్‌లో జరగవలసిన పోటీ మహమ్మారి వల్ల ఆగిపోయింది. తర్వాత ఆయన పోయాడు. మనిషితోపాటే పందెం కూడా పోయిందంటున్నాడు ఠేకేదారు.

ఇకమీదట జరగవలసినవి:

1. పోటీ ఎప్పుడు పెడితే అప్పుడు చాందీ వెళ్తుంది. అంతవరకు ఠేకేదారు మాట మాటే. అది విన్న సాక్షిని నేను. కొట్టం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

2. మైదానంలో నోరు తనిఖీ చేసేవారి దగ్గర పాత మచ్చలు దాచకూడదు. ఎవరు చేశారని అడిగితే, మా ఇంటివాళ్లమేనని పిల్ల చెప్పాలి.

3. చదునైన పాత చోకడును తుక్కులో వేయకూడదు. విరిగిన తలుపు బాగుచేశాక దాన్నే గడియగా బిగించాలి.

4. ప్రతి పొద్దున కడ్డీని అరచేతుల మధ్య వేడిచేయాలి. ఆ పని ఇప్పుడు నాది. చాందీ మొదట నా చేతులు రెండూ వాసన చూస్తుంది. తల తిప్పి, విరిగిన పలకల సందులోంచి బాట వైపు చూస్తుంది. ఆ తర్వాతే నోరు తెరుస్తుంది.